రోడ్డుకి వంపెందుకు?

మా చెల్లెలి కొడుకు రోజుకో రెండు గంటలు నగరాలు కడుతుంటాడు. కంప్యూటర్లో లెండి. సిటీస్ స్కైలైన్స్ అని 2015లో ఫిన్లాండు వాళ్లు తయారుచేసిన ఆట అది. ముందు రోడ్డెయ్యాలి. రోడ్డు పక్కన ఇళ్లు లేస్తాయి, మనుషులొస్తారు, వాళ్ల వెనకే కార్లొస్తాయి, దారులన్నీ ఇరుక్కుపోతాయి, మళ్లీ రోడ్డెయ్యాలి. సంసారంలాగే దానికీ అంతూ పొంతూ లేదు. మావాడికి ఊరు పెరిగిందా లేదా అన్నదానికన్నా, రెండు రోడ్లు కలిసేచోట అతుకు కనబడకుండా కుదిరిందా లేదా అన్నదే పెద్ద బెంగ. పెద్ద రోడ్డు నుంచి దిగే దారి గాజు వంపులా తిరగాలట. ఎక్కడన్నా చిన్న నొక్కు కనబడితే అన్నం కూడా సయించదు.

ఈ పిచ్చి నాకు అర్థం కాకపోలేదు. సంక్రాంతి నెలలో తెల్లారగట్ట వాకిట్లో వంగుని మెలికల ముగ్గు వేసిన ఏ ఆడదానికైనా అర్థమవుతుంది. గీత వచ్చి గీతలో కలిసి, మొదలెక్కడో తుదెక్కడో తెలియకుండా పోయినప్పుడు కలిగే తృప్తి చిన్నదేం కాదు. పొందిక మీద ప్రేమ పాపమని నేననను. కాకపోతే మెలికల ముగ్గులో ఒక కట్టుబాటుంది. గీత ఎన్ని తిరుగుళ్లు తిరిగినా చుక్క చుట్టూ తిరగాల్సిందే. చుక్కని తొక్కిందా, ముగ్గు తప్పినట్టే. మావాడి ఆటలో ఆ కట్టుబాటు లేదు. ఇళ్ల మీదుగా గీత లాగితే ఆ ఇళ్లు చప్పుడు చెయ్యకుండా మాయమైపోతాయి. విచిత్రమేమిటంటే, ఆ ఊళ్లో ప్రతి మనిషికీ ఓ పేరుంది. మనిషి మీద నొక్కితే పేరు, ఇల్లెక్కడ, పనెక్కడ అన్నీ చెబుతుంది.

"ఆ ఇంటివాళ్లేమయ్యార్రా?" అని అడిగాను ఓసారి.

"ఇంకో ఇల్లు చూసుకుంటారు పెద్దమ్మా. దొరక్కపోతే ఊరొదిలి పోతారు," అన్నాడు, గాజు వంపు మీంచి కళ్లు తిప్పకుండా.

వాడు చెడ్డవాడు కాడు. వీధిలో కుక్కపిల్ల కుంటితే పసుపు రాసి కట్టుకట్టే రకం. అంచేతే నాకు ఆలోచన పట్టుకుంది.

ఈ జాతి ఆటలకి మూలపురుషుడు విల్ రైట్ అనే అమెరికా ఆయన. 1984లో హెలికాప్టర్లోంచి దీవుల మీద బాంబులేసే ఆటొకటి చేస్తూ, వాటిని కూల్చడం కన్నా వాటి మీద రోడ్లూ భవనాలూ పేర్చడమే తనకి సరదాగా ఉందని గ్రహించాడట. దాంట్లోంచే 1989లో సిమ్‌సిటీ పుట్టింది. మంచి మార్పే. అయితే కూల్చేవాడైనా, కట్టేవాడైనా చూస్తున్నది ఆ హెలికాప్టర్ ఎత్తు నుంచే. అంత ఎత్తు నుంచి చుక్కలు ఆనవు.

ఆట సంగతి ఎందుకెత్తానంటే, మా వైపు ఇప్పుడు నిజం గీతలే పడుతున్నాయి. బెంగుళూరు నుంచి విజయవాడకి కొత్త దారి వేస్తున్నారు. కొడికొండ దగ్గర మొదలై, సుమారు 340 కిలోమీటర్లు నడిచి, ముప్పవరం దగ్గర 16వ నెంబరు జాతీయ రహదారిలో కలుస్తుంది. దీన్ని గ్రీన్‌ఫీల్డ్ రోడ్డంటారు. పాత రోడ్డుని వెడల్పు చెయ్యకుండా, ఏమీ లేనిచోట కొత్తగా వేసేదని ఇంజనీర్ల భాషలో అర్థం. అదే మాటని తెలుగులోకి తెచ్చి చూడండి. పచ్చని చేను! చేను పచ్చగా ఉందంటే మా ఊళ్లలో దున్నకాలూ, విత్తనాలూ, పురుగుమందూ, అప్పూ, కూతురి పెళ్లి ఆశా అన్నీ అందులో పడి ఉన్నాయని లెక్క. ఖాళీ జాగాకి వాళ్లు పెట్టుకున్న పేరు మనకి నిండుతనానికి గుర్తు. ఒకే మాట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నల్లరేగడి డొంకలో వానాకాలం బండి ఇరుసు దాకా కూరుకుపోతే, నొప్పులు పడుతున్న పిల్లని గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చడం ఎలాగో తెలిసినవాళ్లు వంకర దారుల అందం గురించి కవిత్వం చెప్పరు. మిరప టిక్కీలు లారీకెత్తి యార్డుకి పంపే రైతుకి తిన్నటి రోడ్డంటే డబ్బు. చిలకలూరిపేట నడిబొడ్డున లారీల వెనక ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకి బైపాస్ విలువ నేను చెప్పక్కర్లేదు.

అదీగాక, పాత వంకర దారులు అమాయకమైనవని ఎవరన్నారు? తిన్నగా వస్తున్న రోడ్డు ఉన్నట్టుండి ఒక తోట చుట్టూ తిరిగి పోయిందంటే, ఆ తోటగలాయన ఆ రోజుల్లో "వీల్లేదు" అనగలిగినవాడై ఉంటాడు. గుడి దగ్గర తిరిగిందంటే పోలేరమ్మ అనగలిగింది. ఊళ్లోకొచ్చిన తారు రోడ్డు ఊరి చివరి వాడ దాకా రాకుండా ఆగిందంటే, "రావాలి" అని గట్టిగా అడగ్గల గొంతు అక్కడ లేదన్నమాట. రెండెకరాల విధవరాలి కోసం వంగిన రోడ్డుని మాత్రం నేనింతవరకూ చూడలేదు. వంపు అనేది ఎవరో వద్దన్న మాటకి నేల మీద మిగిలిన ఆనవాలు. వద్దనగలిగే హక్కు ఎవరికుండాలి? నన్ను వేధించే ప్రశ్న ఇదొక్కటే.

చట్టం ఆ హక్కుని కొంత ఇచ్చింది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం, ఫలానా భూమి కావాలన్న ప్రకటన గెజిట్‌లో పడ్డాక అభ్యంతరం రాసిచ్చుకోడానికి 21 రోజుల గడువుంది. బిడ్డ పుట్టి బారసాల చేసుకునేంత గడువు! పత్రికల్లోనూ వేస్తారు, ఒకటి స్థానిక భాషలో. సర్వే నెంబర్లూ, విస్తీర్ణాలూ చీమల బారులా అచ్చైన ఆ పేజీని మనలాంటివాళ్లం బీరువా అరల్లో పరుచుకుంటాం.

అమరావతిలో ఇంకో పద్ధతి. 2015లో 29 గ్రామాల పరిధిలో 33,000 ఎకరాల పైచిలుకు సమీకరించి, తూర్పు పడమరలకి కొన్ని, ఉత్తర దక్షిణాలకి కొన్ని, చదరంగం బల్లలా రోడ్లు గీశారు. ఊళ్లని చాలామటుకు ఎక్కడివక్కడ ఉంచారు. ఇళ్లని చుక్కలుగా ఒప్పుకున్నారన్నమాట. పొలాలు చుక్కలు కాలేదు. భూమిచ్చినవాళ్లకి ప్లాట్లూ, ఏటా కౌలూ అన్నారు. భూమి లేని కుటుంబాలకి నెలకి 2,500 రూపాయల పింఛనన్నారు. 2019 తరవాత పనులాగిపోయి ఆ గీతల మీద కంపచెట్లు మొలవడం వేరే కథ గానీ, సెంటు భూమి లేని మనిషి కూడా ఆ నేల మీద బతుకుతున్నాడని ఒక కాగితం మీద రాసుకున్నందుకు నేను సంతోషించాను.

ఎందుకంటే రోడ్ల కోసం తీసే భూమి విషయంలో అలా రాసుకోవడం అరుదు. మా పత్తి చేలల్లో, మిరప చేలల్లో చెమటోడ్చే వాళ్లలో ఎంతోమంది కౌలుదార్లు. ముందే కౌలు కట్టి, వడ్డీకి తెచ్చి నాటుతారు. సర్వే నెంబరు ఆసామిది. ఆయన హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. 2013 నాటి చట్టం వచ్చాక పరిహారం బాగానే పెరిగింది, సంతోషం. అది ఆసామి ఖాతాలో పడుతుంది. గీత మధ్యగా పోయి చేను రెండు ముక్కలైతే, అటు ముక్కలోంచి ఇటు ముక్కలోకి అండర్‌పాస్ వెతుక్కుంటూ మైలు చుట్టు తిరిగేది కౌలుదారు. వద్దు అనడానికి అతనికి కాగితం లేదు. అడిగినవాళ్లూ లేరు.

అయితే ఒకటి చూశాను. కొత్త రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు పడటమే ఆలస్యం, మాఘమాసం ఎండల్లో దాని మీద సగం వెడల్పున ఎర్రగా మిరపకాయలు పరుచుకుంటాయి. కల్లానికి జాగా లేనివాళ్లవి. అంచున వరసగా రాళ్లు పెడతారు. పక్కన గొడుగేసుకుని ఒకావిడ కూర్చుంటుంది. లారీ వస్తుంది, హారన్ కొడుతుంది. ఆవిడ లేవదు. డ్రైవరు కాస్త విసుక్కుని, స్టీరింగు తిప్పి, కాయల్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోతాడు.