దూరం ఎవరు కొలవాలి?

పిట్టల్ని చూడ్డానికి బయల్దేరేవాళ్లకి మొట్టమొదట నేర్పే నీతి ఒకటే: దూరంగా ఉండు. గూటి దగ్గరికి పోకు, గుడ్లు ముట్టకు, గట్టిగా మాట్లాడకు, నీ నీడ కూడా వాటి మీద పడనివ్వకు. పట్నం మిత్రుడొకాయన ఈ మాటలు శ్రద్ధగా చెబుతూంటే నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ముట్టకు, దగ్గరికి రాకు, నీడ పడనివ్వకు. ఈ పాఠం మాకు ఇంకొకరు చెప్పాలా? తరతరాలుగా మా ఒంటి మీద రాసిన పాఠమే కదా!

అయితే నవ్వి ఊరుకుంటే సరిపోదనిపించింది. దూరం అన్నది ఒకచోట మర్యాద, ఇంకోచోట అసహ్యం. రెండింటికీ వాడే మాటలు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? కొన్నేళ్లుగా కెమెరా మెడలో వేసుకుని తిరుగుతూ ఈ ప్రశ్ననే తిప్పి తిప్పి చూస్తున్నాను.

నేను తిరిగేవి పెద్ద అడవులేం కావు. సుమ్మాదేవి చుట్టుపక్కల జీడితోటలు, కొబ్బరితోటలు, చెరువు గట్లు. సెలవు దొరికితే పలాస మీదుగా పూండి, నౌపడా దాకా పోతాను. అక్కడ ఉప్పుమడులు, తంపర ఉన్నాయి. సముద్రానికి దగ్గరగా నీళ్లు నిలిచే పల్లపు నేలని మా వైపు తంపర అంటాం. సోంపేట వైపువాళ్లు బీల అంటారు. భాద్రపదం పోయి ఆశ్వయుజం వస్తూండగా, వానలు ఇంకా పూర్తిగా తగ్గకముందే, ఈ నేలకి పిట్టలు రావడం మొదలవుతుంది. టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. ఊళ్లో చింతచెట్ల మీద, మనుషుల తలల పైనే గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరే వేళకి పోతాయి. ఊరివాళ్లు వాటి జోలికి పోరు, ఇంకొకర్ని పోనివ్వరు. పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలకీ ఇదే మర్యాద. రెట్ట వాసన భరించి, తన చెట్టుని ఇంకో ప్రాణికి వదిలిపెట్టడం చిన్న సంగతి కాదు. దానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

కానీ ఆ చెట్ల కింద నిలబడిన సందర్శకుల నోట ఒక మాట తరచుగా వింటాను: "ఇవి సైబీరియా నుంచి వచ్చాయండీ!" గూడబాతు గానీ ఎర్రకాళ్ల కొంగ గానీ సైబీరియావి కావు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా పిట్టలవి. మన నేలపట్టులోనూ గూళ్లు కడతాయి. అసలు సైబీరియా నుంచి వచ్చేవాళ్లు నౌపడా బురదలో ఉంటారు. లిటిల్ స్టింట్ అని ఉల్లంకి జాతి పిట్ట ఒకటుంది. పిచ్చుకంత ఉంటుంది, బరువు పాతిక గ్రాములు అటూ ఇటూ. ఉత్తర ధ్రువం దగ్గరి టండ్రా నేలల్లో పుట్టి వేల మైళ్లు ఎగిరొచ్చి మన బురదలో పురుగులు ఏరుకుంటుంది. బురద రంగులో ఉంటుంది కాబట్టి దానికేసి చూసేవాడు లేడు. ఇక్కడివాళ్లని ఇక్కడివాళ్లుగా గౌరవించడం మన సంఘానికి చేతకాదు. దూరం నుంచి వచ్చాడంటే పీట వేస్తుంది, పక్క వీధివాడు వస్తే గుమ్మం బయట నిలబెడుతుంది. పిట్టలకి కూడా మర్యాద దక్కాలంటే వాటికి విదేశీ చిరునామా రాయాల్సి వచ్చింది.

ఉద్యమంలో నాకంటే పెద్దవాడైన మిత్రుడొకడు నిలదీశాడు. "కారంచేడు, చుండూరు జరిగిన రాష్ట్రం మనది. మన జిల్లాలోనే 2012 జూన్‌లో లక్షింపేటలో అయిదుగురు మనవాళ్లని చంపారు. నువ్వు కొంగలకి ఫొటోలు తీస్తావా మాస్టారూ?" ప్రశ్న న్యాయమైనదే. తినీ తినక చదివిన ఇంట్లోంచి వచ్చినవాడు, జీతం రాగానే కడుపు నిండినవాళ్ల సరదాలు నేర్చాడని దాని అర్థం. నేను చెప్పిన జవాబు ఇది: దళితుడు తన గాయాన్ని తప్ప ఇంకేదీ చూడకూడదని ఎవరు రాశారు? మా చేత పని చేయించుకున్నవాళ్లు మా తీరికని కూడా లాక్కున్నారు. ఊరికే నిలబడి ఒక పిట్టని చూసే తీరిక కూడా మాకు రావలసిన బాకీల్లో ఒకటి. జాషువా 'గబ్బిలం' రాసినవాడే, గిజిగాడి గూటి మీదా సాలెపురుగు మీదా పద్యాలు రాశాడు. అవమానాన్ని చూసిన కళ్లే అందాన్నీ చూశాయి.

పైగా పిట్టల చదువు మాకు కొత్తగా వచ్చిందీ కాదు. మా మామ్మ వరిమడుల్లో నత్తలు ఏరేది. ఆమె ఒక గట్టున, నత్తగుల్ల కొంగ ఇంకో గట్టున. కొంగ ఎక్కడ వాలితే అక్కడ నత్త ఉందని ఆమెకి తెలుసు. దాని రెండు ముక్కుల మధ్య సందు ఎందుకుందో ఏ పుస్తకం చదవకుండానే చెప్పింది: జారిపోయే నత్తని పట్టడానికట. నేను తీసిన బొమ్మ చూపిస్తే పకపకా నవ్వింది. "ఏటిరా నాయినా, కొంగలకి ఫొటోలా! దానితో పాటు నానూ నత్తలు ఏరినాను గదా, నాకెవులు తీసినార్రా ఫొటో?" ఆకలి వల్ల వచ్చిన చదువుని చదువు కిందే లెక్కగట్టరు. సలీం అలీ చిన్నతనంలో బొంబాయిలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టాడు. దాని మెడ మీద పసుపు మచ్చ చూసి ఆశ్చర్యపడితే, ఇంట్లో పెద్దాయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి ఆ పిల్లవాడిని లోపలికి పిలిచి, పెట్టెలు తెరిచి పిట్టల్ని చూపించి, పుస్తకాలిచ్చి పంపాడు. 1985లో అచ్చయిన తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి చెప్పడం లేదు. పంగలకర్రతో పిట్టని కొట్టిన మా పేట కుర్రాడికి అలాంటి గది తలుపు ఎవరూ తెరవలేదు. తిట్టారు, తరిమారు. ఇప్పుడైతే చట్టం చూపిస్తారు. వేట మానమని చెప్పడం మంచిదే. ఆ వేటగాడి కంట్లో ఉన్న చదువుని గుర్తించకుండా మానమనడం సగం మంచే.

సలీం అలీ పిట్టల పుస్తకం మొదట వచ్చింది 1941లో. జాషువా 'గబ్బిలం' వచ్చిందీ 1941లోనే. ఒకాయన పిట్టల్ని జాతులుగా విడదీసి పేర్లు రాస్తున్నాడు. ఇంకొకాయన, గుడి లోపలికి పోలేని అంటరానివాడి చేత, గుడిలో ఇష్టానికి వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపిస్తున్నాడు. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివాక పిట్టల పేర్ల మీదికి నా దృష్టి పోయింది.

భావనపాడు ఒడ్డున వలలు లాగే వేళకి రెండు రకాల గద్దలు తిరుగుతాయి. ఒకటి తెల్లటి తల, ఇటుకరంగు ఒళ్లు. మనవాళ్లు గరుడపక్షి అని దణ్ణం పెడతారు. ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు బ్రాహ్మిణీ కైట్. రెండోది మామూలు గద్ద, మట్టిరంగుది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు పరయా కైట్. తమిళనాట పరయర్ అన్న కులం పేరుని ఇంగ్లీషువాళ్లు 'వెలివేయబడినవాడు' అన్న అర్థంలో తమ భాషలోకి తీసుకుని, కుక్కకీ గద్దకీ తగిలించారు. నేను గంటల తరబడి చూశాను. చచ్చిన చేప కనిపిస్తే రెండూ దిగుతాయి. ఎంగిలి, మైల తేడా దేనికీ లేదు. ఇప్పటి పుస్తకాల్లో రెండోదాన్ని బ్లాక్ కైట్ అంటున్నారు. మొదటిదాని పేరు మాత్రం అలాగే ఉంది. ఇంగ్లీషువాళ్లనే అని ఏం లాభం? ఒళ్లంతా నల్లగా ఉండే అడవి కాకిని మాలకాకి అన్నది మన తెలుగే.

పేరు పెట్టాక చట్టం వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షించాల్సిన ప్రాణుల జాబితాలతో పాటు, చంపినా తప్పులేని పీడజంతువుల జాబితా ఒకటి ఉండేది. అందులో ఎలుకల పక్కన కాకీ, పళ్లు తినే గబ్బిలమూ ఉన్నాయి. 2022 సవరణతో ఆ జాబితా తీసేశారు. ముప్పయ్యొక్కేళ్లు తిరిగేసరికే చట్టంలోకెక్కిన పీడజంతువుల్లో, జాషువా దూత బంధువు కూడా ఒకటన్నమాట! నేలకీ ఇదే జరిగింది. పిట్టలు మేసే, జాలర్లు చేపలు పట్టే, రైతులు నీళ్లు తోడుకునే బీలని కాగితాల్లో బంజరు అని రాసి, అక్కడ థర్మల్ కేంద్రం కడతామన్నారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో జనం అడ్డుపడితే కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. బంజరు, పీడ, అంటరాని: ఈ మాటలన్నీ అవతలివాడి మీద చెయ్యి వెయ్యడానికి ముందు రాసుకునే మాటలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. పిట్ట దగ్గరికి నడవడంలో ఒక పద్ధతుంది. నాలుగడుగులు వేస్తే అది మేత మాని తలెత్తుతుంది. అక్కడ ఆగాలి. ఇంకో అడుగేస్తే మెడ సాచి పక్కకి జరుగుతుంది. ఇంకా పోతే లేచిపోతుంది. గూటి మీది పిట్ట లేచిపోతే గుడ్లు ఎండకి మాడతాయి, లేదంటే కాకి ఎత్తుకుపోతుంది. కాబట్టి ఇక్కడ గీత గీసేది పిట్ట. అది తన ప్రాణం కోసం గీస్తుంది. ఆ గీత కదులుతుంది కూడా. కదలకుండా కూర్చుని నమ్మకం కలిగిస్తే, నిన్న వంద గజాల దూరం ఉన్నది ఇవాళ పాతిక గజాల దాకా తనే వస్తుంది.

కులం గీసిన గీత చూడండి. అది బలవంతుడు గీసింది. ప్రాణభయంతో కాదు, తన మడి కోసం గీశాడు. మనం ఎంత నమ్మకంగా బతికినా అది జరగదు. పేష్వాల రాజ్యంలో అంటరానివాడు అడుగుజాడ చెరిపేయడానికి నడుముకి చీపురు, ఉమ్మడానికి మెడలో ముంత కట్టుకు తిరగాల్సొచ్చేదని అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశారు. పైగా అది ఒకవైపు గీత. నాటడానికి, కొయ్యడానికి, మొయ్యడానికి మా చేతులు గీత దాటొచ్చు. తినే వేళకే గీత గుర్తొస్తుంది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ దోసిలి పట్టిన చవదార్ చెరువులో పశువులు తాగేవి, పిట్టలు తాగేవి. వాటిని తరమని ఊరు మనిషిని తరిమింది. అందుకే పిట్టల మీద దయ ఉన్నంత మాత్రాన ఎవరూ నీతిమంతులు అయిపోరు. పిట్టకి చేసిన మర్యాద మనిషి బాకీ కింద జమ కాదు.

దూరాన్ని బలహీనుడు కొలిస్తే అది మర్యాద, బలవంతుడు కొలిస్తే అంటరానితనం. చాలాకాలం నేను ఇక్కడే ఆగాను. నౌపడా ఉప్పుమడుల దగ్గర ఒకామె నన్ను ఇంకొంచెం ముందుకి నడిపింది. ఆ రోజు పట్నం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్లు ఇద్దరు ముగ్గురున్నారు. పిట్టలు ఎక్కువ దొరకలేదు. తలమీద ఉప్పుగంపతో గట్టున వస్తున్న ఆమె వైపు కెమెరాలు తిరిగాయి. ఒకాయన, వెలుగు బాగుంది, అక్కడే ఉండమని చెయ్యి ఊపాడు. ఆమె గంప దించకుండానే అంది: "బాబూ, నాను కొంగనా? నాకు నోరుంది గదా, ఒక్కమాట అడగలేవా?"

ఆమె పొమ్మనలేదు. దగ్గరికి రావద్దనీ అనలేదు. అడగమంది. కొంగకి ఇష్టం లేకపోతే ఎగిరిపోతుంది. ఈమె ఎగిరిపోతే ఆ పూట కూలి పోతుంది. ఎగిరిపోలేని మనిషి ముందు, దూరంగా నిలబడి తీశాను కదా అనుకుంటే చాలదు. పిట్టతో మాట్లాడలేం, అందుకని దూరం పాటిస్తాం. మనిషితో మాట్లాడగలం. అక్కడ దూరం పాటించడం మాట తప్పించుకోవడమే అవుతుంది. మనల్ని జాలిగా దూరం నుంచి చూసి రాసేవాళ్లకీ, మన వాడల్ని బొమ్మలు తీసి ప్రదర్శనలు పెట్టేవాళ్లకీ ఆమె మాటే సమాధానం. మనలో చదువుకుని కలమో కెమెరానో పట్టినవాళ్లకి కూడా అదే వర్తిస్తుంది. మన కులంవాళ్లే కదా అని అడక్కుండా తీసే హక్కు మనకీ లేదు.

ఈ మధ్య బడి పిల్లల్ని తంపరకి తీసుకుపోతున్నాను. అందరికీ కలిపి బైనాక్యులర్ ఒక్కటే. కాలనీ పిల్ల కళ్లకి పెట్టుకుని తీసిందాన్ని ఊళ్లో పిల్లాడు తన కళ్లకి పెట్టుకోవాలి. పిట్ట లేచిపోకూడదంటే అందరూ ఒకే జీడిచెట్టు చాటున, భుజాలు ఒరుసుకుంటూ, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. మొదట్లో ఎడంగా జరిగే పిల్లలు ఒకరిద్దరుంటారు. ఎడంగా జరిగితే పిట్ట కనబడదు, అంచేత వాళ్లే దగ్గరికొస్తారు. దీనితో కులం పోతుందని నేను చెప్పను. కులం పోవడానికి భూమి కావాలి, కూలి కావాలి, పోరాటం కావాలి. కాకపోతే ఆ గంటసేపు ఆ పిల్లలు ఒకటి నేర్చుకుంటున్నారు: దూరం అడిగే హక్కు పిట్టకుంది, పక్కన కూర్చున్న మనిషిని దూరం జరగమనే హక్కు ఎవడికీ లేదు.