ముత్యం ఎవరి చేతిలో ఉంది?

ఓ శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోతుండగా ఇంజనీరింగు చదువుతున్న యువకుడొకడు మా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది. హాస్టలు గదిలో తనతోపాటు ఉండే క్రైస్తవ మిత్రునితో మాటామాటా పెరిగిందట. “దేవునికి కొడుకేమిటి? భార్య లేనివాడికి కొడుకెలా పుడతాడు?” అని మనవాడు నవ్వాడు. ఆ అబ్బాయి కోపం తెచ్చుకోలేదు. “యేసు దేవుని వాక్కు అని మీ ఖుర్ఆనే అంటోంది కదా! మరి వాక్కు లేకుండా దేవుడు ఎప్పుడైనా ఉన్నాడా?” అని అడిగాడు. మనవాడికి జవాబు తోచలేదు. జవాబు తోచనిచోట ఎగతాళి తోచింది. వారి గ్రంథాన్నీ, ఆరాధననూ అనరాని మాటలన్నాడు. మూడు రోజులుగా ఒకే గదిలో ఉంటున్నా ఇద్దరికీ మాటల్లేవు.

“హజ్రత్! ఆ ప్రశ్నకు జవాబేమిటి? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు” అన్నాడు.

“అది పాత వాదనే బాబూ, పట్టించుకోకు” అనేశాం మేము. అతను తలూపి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక మా మాట మాకే గుచ్చుకుంది. వాదన పాతదైనంత మాత్రాన దానికి జవాబు చెప్పినట్టవుతుందా?

నిజానికి అది చాలా పాతదే. పన్నెండు వందల ఏళ్ళ క్రితం బాగ్దాదులో, ముస్లిముల ఖలీఫా ఎదుట కూర్చుని ఒక క్రైస్తవ మతగురువు ఇదే ప్రశ్న వేశాడు. ఆ ఖలీఫా అబ్బాసీ వంశానికి చెందిన మహ్దీ. క్రీ.శ. 775 నుండి 785 వరకు పాలించాడు. ఆ మతగురువు పేరు తిమోతీ. తూర్పు చర్చికి 780 నుండి 823 వరకు పెద్దగా ఉన్నాడు. మన దేశంలోని మలబారు తీరపు క్రైస్తవులు ఆ కాలంలో ఈ చర్చి కిందివారే. ఆయన మాతృభాష సిరియాక్, ఖలీఫాతో మాట్లాడింది మాత్రం అరబ్బీలో. సుమారు 781లో రెండు రోజులపాటు ఆ సంభాషణ జరిగింది. తర్వాత తిమోతీయే దానిని ఒక మిత్రునికి ఉత్తరంగా రాశాడు. రాసింది ఆయనే కాబట్టి ఆయన జవాబులే పొడవుగా ఉండటంలో వింతేమీ లేదు.

ఖలీఫా మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? అచ్చంగా మన హాస్టలు కుర్రవాడి ప్రశ్నే! ఇంత చదువుకున్న మీరు దేవుడు ఒక స్త్రీని పెళ్ళాడి కొడుకును కన్నాడని ఎలా అనగలరు అని ఆయన అడిగాడు. తిమోతీ జవాబేమిటంటే, అలాంటి దైవదూషణ చేసేదెవరు, మేమూ అలా అనము అని. సూర్యుని నుండి కాంతి వెలువడినట్టు, మనసు నుండి మాట వెలువడినట్టు కుమారుడు తండ్రి నుండి వెలువడ్డాడనే తాము అంటామన్నాడు. సూర్యుడు, కాంతి, వేడిమి కలిసి మూడు సూర్యులు కానట్టే దేవుడు, ఆయన వాక్కు, ఆయన ఆత్మ కలిసి ముగ్గురు దేవుళ్ళు కారన్నాడు. వాక్కు లేని కాలం, ఆత్మ లేని కాలం దేవునికి ఉండేదంటే ఆయన ఒకప్పుడు జ్ఞానమూ జీవమూ లేనివాడన్నట్టే కదా అని వాదించాడు. ఏ ఉపమానమైనా కొంత దూరమే వస్తుందని కూడా తానే ఒప్పుకున్నాడు.

సోదరులారా! ఈ వాదనను త్రోసిపుచ్చే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఇది బుద్ధి గల మనిషి వాదన. ఆయన మన ఎదుట బైబిలు తెరిచి నమ్మమనలేదు. మనమూ ఒప్పుకునే చోటు నుండే నడక మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న మన పండితులనూ కుదిపింది. మహ్దీ మనుమడు ఖలీఫా మామూన్, ఖుర్ఆన్ సృష్టించబడినదని అందరిచేతా ఒప్పించాలని 833లో పూనుకున్నాడు. అప్పుడతను పంపిన ఉత్తరాల్లో, ఖుర్ఆన్ సృష్టి కాదనేవారు ఈసా (అలైహిస్సలాం) దేవుని వాక్కు గనుక సృష్టి కాదనే క్రైస్తవుల వంటివారని నిందించాడు. ఆ నింద మోసి కొరడా దెబ్బలు తిన్నది ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మతుల్లాహి అలైహి)!

మరి అహ్లె సున్నత్ పండితులు చెప్పిన జవాబేమిటి? అల్లాహ్ వాక్కు అనాది నుండీ ఉన్నది, ఇందులో సందేహం లేదు. కాని అది ఆయన గుణం. గుణం వేరొక వ్యక్తి కాదు. ఒక మనిషి జ్ఞానవంతుడు, దయామయుడు అంటే అక్కడ ముగ్గురు కూర్చున్నారని ఎవరూ అనుకోరు. కాంతిని చూపి ‘ఇదిగో సూర్యుడు, దీనికి మొక్కండి’ అనీ ఎవరూ అనరు. గుణాలను లెక్కించి వ్యక్తులను చేస్తే మూడు దగ్గరే ఎందుకాగాలి? శక్తి, వినికిడి, చూపు, సంకల్పం కూడా అనాది గుణాలే కదా! తిమోతీ ఉపమానం ఇక్కడే ఆగిపోతుందని మా అభిప్రాయం.

ఇక ఈసా (అలైహిస్సలాం)ను ఖుర్ఆన్ ‘అల్లాహ్ వాక్కు’ అన్నమాట (అన్ నిసా: 171) ఏ అర్థంలో? తండ్రి లేకుండా, ‘అయిపో’ అన్న ఆజ్ఞతోనే ఆయన పుట్టారు గనుక. ఆదం (అలైహిస్సలాం) పుట్టుకతో ఆయన పుట్టుకను పోల్చి చెప్పిన ఆయతు (ఆలి ఇమ్రాన్: 59) దీనినే విప్పి చెబుతోంది. ఇందులో గౌరవం కూడా ఉంది. కాబాను బైతుల్లాహ్ అంటాం, అల్లాహ్ అందులో కాపురముంటాడని కాదు. సాలిహ్ (అలైహిస్సలాం) ఒంటెను ఖుర్ఆన్ అల్లాహ్ ఒంటె అంది. అలాగే ‘ఆయన నుండి వచ్చిన ఆత్మ’ అనే మాట. భూమ్యాకాశాల్లో ఉన్నదంతా ‘ఆయన నుండే’ అని కూడా ఖుర్ఆన్‌లో ఉంది (అల్ జాసియా: 13). ‘నుండి’ అంటే ముక్క అని అర్థం చెప్పుకుంటే కొండలూ చెట్లూ కూడా దేవుళ్ళే కావాలి.

మరుసటి శుక్రవారం ఆ యువకుణ్ణి పిలిపించి ఇదంతా చెప్పాం. ముందుగా, ఆవేళ నీకు జవాబు చెప్పకుండా పంపించాం, తప్పు మాదేనన్నాం. వింటూవింటూ అతని ముఖం తేటపడింది. వెంటనే వెళ్ళి ఆ మిత్రుణ్ణి ఓడిస్తానన్నట్టు లేచాడు. కూర్చోమన్నాం.

“నీ అప్పు ఇంకా తీరలేదు బాబూ! జవాబు దొరికింది సరే, తిట్టిన తిట్ల మాటేమిటి? ఇతరులు వేడుకునే వాటిని దూషించవద్దని అల్లాహ్ మనల్ని వారించాడు (అల్ అన్ఆమ్: 108). గ్రంథవహులతో మేలైన పద్ధతిలోనే తప్ప వాదించవద్దన్నాడు (అల్ అన్కబూత్: 46). నజ్రాన్ క్రైస్తవులు మదీనా వచ్చి, వారి ప్రార్థనవేళ అయితే దైవప్రవక్త (స) తన మస్జిదులోనే వారిని ప్రార్థించుకోనిచ్చారని సీరత్ గ్రంథాల్లో ఉంది. నువ్వేమో హాస్టలు గదిలో ఒకడిని ప్రశాంతంగా ఉండనివ్వలేదు” అన్నాం. తల దించుకున్నాడు.

ఖలీఫా మహ్దీ గురించి మరో సంగతి కూడా చెప్పాం. వాదించడమెలాగో నేర్పే అరిస్టాటిల్ గ్రంథమొకటి సిరియాక్‌లో ఉంటే, దానిని అరబ్బీలోకి తర్జుమా చేసే పని ఆయన అప్పగించింది ఎవరికనుకున్నారు? ఈ తిమోతీకే! తనతో వాదించినవాడి చేతికే వాదనాశాస్త్రపు పుస్తకం ఇవ్వడానికి ఎంత నమ్మకం ఉండాలి!

ఆ సంభాషణ చివరలో తిమోతీ ఒక దృష్టాంతం చెప్పాడు. చీకటి ఇంట్లో ముత్యం జారిపడింది. అందరూ తడుముకుంటున్నారు. ఒకరి చేతికి ముత్యం, ఒకరి చేతికి గాజుముక్క, ఇంకొకరి చేతికి రాయి వచ్చాయి. ముత్యం తన దగ్గరే ఉందని ఎవరికివారే సంతోషిస్తున్నారు. తెల్లవారితేగాని తెలియదు. ఆ ముత్యం మా దగ్గరే ఉందని అల్లాహ్‌పై ఆశ పెట్టుకున్నామన్నాడు ఖలీఫా. తిమోతీ ఆమీన్ అని, అందులో మాకూ పాలు దొరకాలని కోరుకున్నాడు. కాని చీకట్లో కూడా ముత్యం మెరుపు కొంత తెలుస్తుందని, అది మంచి క్రియల్లోనూ మహిమల్లోనూ కనబడుతుందని కూడా ఆయన అన్నాడు. తిమోతీ తన చర్చిని తలచుకుని అన్నమాటది. అయితే మా ముందున్న కుర్రవాణ్ణి చూస్తే, మూడు రోజులుగా ఆ గదిలో మన ముత్యం ఎలా మెరిసి ఉంటుందోనని మాకు సిగ్గేసింది.

అతను వెళ్ళి క్షమాపణ అడిగాడు. ఆ అబ్బాయి మన జవాబంతా విన్నాడట, ఒప్పుకోలేదట. అయినా ఇప్పుడు ఇద్దరూ కలిసే మెస్సుకు వెళ్తున్నారు. పది రోజులకు మనవాడు మళ్ళీ వచ్చాడు. “హజ్రత్! ఇంకో ప్రశ్న అడిగాడు. దేవుడు ఒక్కడే అయితే ఖుర్ఆన్‌లో ‘మేము’ అని ఎందుకంటాడట?”

ఇదీ తిమోతీ అడిగిన ప్రశ్నే. ఈసారి మేము తొందరపడలేదు. అసర్ నమాజుకు ఇంకా గంట ఉంది, కూర్చోమన్నాం.