సంఖ్య ఉన్నా పేరు లేని జీవి

మనతో ఏ పోలికా లేని ప్రాణి పట్ల మనకు నైతిక బాధ్యత ఉంటుందా? ఎదుటి మనిషి ముఖమే మనల్ని హత్య చేయవద్దని ఆదేశిస్తుందని, నీతి అక్కడే మొదలవుతుందని ఇమాన్యుయేల్ లెవినాస్ ‘టోటాలిటీ అండ్ ఇన్ఫినిటీ’ (1961)లో అన్నాడు. పాముకి ముఖం ఉందా అన్న సందేహం తరవాత ఒక ఇంటర్వ్యూలో వస్తే మాత్రం చెప్పలేనన్నాడు. మనం ముఖమని గుర్తించలేని వాళ్ల సంగతేమిటన్న ప్రశ్న అలా మిగిలిపోయింది. సాహిత్య విమర్శ పెద్దగా పట్టించుకోని అమెరికన్ టెలివిజన్ సైన్స్ ఫిక్షన్‌లో ఆ ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది.

1995 నుంచి 2001 వరకు వచ్చిన ‘స్టార్ ట్రెక్: వాయేజర్’, ఆ పరంపరలో ఒక స్త్రీ కెప్టెన్ చుట్టూ అల్లిన మొదటి సీరియల్. కెప్టెన్ కాథరిన్ జేన్‌వే (నటి కేట్ మల్‌గ్రూ) ఓడ ఇంటికి డెబ్బై వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోతుంది. 1997లో ప్రసారమైన ‘స్కార్పియన్’ అనే రెండు భాగాల కథలో ఆ ఓడకి మరో పరిమాణానికి చెందిన జీవులు తారసపడతాయి. వాటి లోకంలో శూన్యం లేదు, అంతా ద్రవమే. వాటికి మూడు కాళ్లు. మాట్లాడవు, మనసులోంచి మనసులోకి భావాన్ని పంపుతాయి. వాటిని ‘స్పీషీస్ 8472’ అంటారు.

ఇది పేరు కాదు. ఎదురైన జాతులన్నిటినీ లొంగదీసుకుని తనలో కలిపేసుకునే బోర్గ్ సమూహం ప్రతి జాతికీ ఒక సంఖ్య ఇస్తుంది. ఆ లెక్కలో మనుషులు 5618. ఈ జీవుల లోకంలోకి చొరబడి యుద్ధం మొదలుపెట్టింది కూడా బోర్గే. అంటే దాడి చేసినవాళ్ల జాబితాలోని సంఖ్యే, దాడికి గురైనవాళ్లకు గుర్తింపుగా స్థిరపడింది. వాయేజర్ వాళ్లూ దాన్నే వాడతారు. వాళ్ల సొంత పేరేమిటో ప్రేక్షకులకు చివరి దాకా తెలియదు. ఫలానా వాళ్ల కూతురిగా, ఫలానా వాళ్ల కోడలిగా మాత్రమే ఊరికి తెలిసిన ఆడవాళ్లను ఎరిగిన మనకు, పేరు పెట్టడంలో ఎంత అధికారం ఉందో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

1998లో వచ్చిన ‘ప్రే’ ఎపిసోడ్‌లో ఈ జీవుల్లో ఒకటి గాయపడి, తన వాళ్లకు దూరమై, వేటే జీవితంగా బతికే హిరోజెన్ల నుంచి తప్పించుకుంటూ వాయేజర్‌లోకి చొరబడుతుంది. దానికి ఇల్లు చేరడం తప్ప మరో కోరిక లేదని మనసుల భాష తెలిసిన టూవాక్ గ్రహిస్తాడు. జేన్‌వే దాన్ని ఇంటికి పంపాలని నిర్ణయిస్తుంది. శత్రువే, ముఖం లేదు, మాట లేదు. అయినా నొప్పి ఉంది, ఇల్లు ఉంది. ఆమెకు అంత చాలు. లెవినాస్ ఆగిన చోటు నుంచి ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

అయితే ఆ దారి తెరవగలిగింది సెవెన్ ఆఫ్ నైన్ (జెరీ రయన్) ఒక్కతే. పసితనంలో బోర్గ్ ఎత్తుకుపోయిన మనిషి పిల్ల ఆమె. పెద్దయ్యాక జేన్‌వే ఆమెను ఆ సమూహం నుంచి విడదీసింది. నన్ను తిరిగి పంపెయ్యమని సెవెన్ అడిగినా, ఇప్పుడు నీకు నిర్ణయించుకునే స్థితి లేదని ఒప్పుకోలేదు. అలా ‘స్వేచ్ఛ’ పొందిన సెవెన్, ఇప్పుడు కెప్టెన్ ఆజ్ఞను తిరస్కరిస్తుంది. హిరోజెన్ ఓడలు చుట్టుముట్టి వాయేజర్ ధ్వంసమయ్యే దశలో, ఆ జీవిని తనంతట తానే వేటగాళ్ల ఓడలోకి పంపేస్తుంది. ఓడ బతుకుతుంది. జేన్‌వే ఆమెను శిక్షిస్తుంది. నన్ను వ్యక్తిని చేసింది నువ్వే, నా వ్యక్తిత్వం చూపిస్తే శిక్షించేదీ నువ్వేనా అన్నది సెవెన్ ప్రశ్న.

ఈ ప్రశ్న దగ్గర మనలో చాలామందిమి సెవెన్ పక్షాన నిలబడతాం. ఒక స్త్రీ మరొక స్త్రీకి స్వేచ్ఛను ‘ఇవ్వడం’లో ఉన్న పెద్దరికం మనకు తెలుసు. తనతో ఏకీభవించినంత వరకే చెల్లే స్వేచ్ఛ స్వేచ్ఛే కాదు. సెవెన్‌కు కాదనే హక్కు ఉంది. ఆ జీవి కోసం ఓడలో అందరి ప్రాణాలూ పణంగా పెట్టాలా అన్న ఆమె అభ్యంతరమూ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

కానీ ఆజ్ఞను నిరాకరించడం ఒకటి, మరో ప్రాణిని వేటగాడికి అప్పజెప్పడం మరొకటి. మొదటిది సెవెన్ స్వేచ్ఛ. రెండోది ఆ స్వేచ్ఛకు ఇంకొకరు చెల్లించిన మూల్యం. చివరి సంభాషణలో ఇద్దరు స్త్రీలూ ఆజ్ఞ గురించి, వ్యక్తిత్వం గురించి వాదించుకుంటారు. ఆ వాదన మొత్తం ఆ గదిలో లేని ఒక శరీరం మీద నడుస్తోంది. తెలుగులో 1990ల నుంచి దళిత, ముస్లిం రచయిత్రులు స్త్రీవాదాన్ని నిలదీసింది ఇక్కడే: మీరు ‘స్త్రీ’ అన్నప్పుడు అందులో ఎవరు లేరు? వాళ్లు తమ గొంతుతో తామే అడిగారు కాబట్టి మన వాదం కదిలింది. ఆ జీవికి కథ ఆ అవకాశమే ఇవ్వలేదు.

అదే ఏడాది చివర వచ్చిన ‘ఇన్ ది ఫ్లెష్’లో సంధి కుదురుతుంది. ఈ జీవులు మనుషుల రూపం తెచ్చుకుని, శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టార్‌ఫ్లీట్ కేంద్రానికి నకలు కట్టుకుని, భూమి మీదికి చొరబడడానికి సాధన చేస్తుంటాయి. మనుషులు తమ మీద దాడి చేస్తారన్న భయమే దానికి కారణం. భయం రెండు వైపులా ఉందని తెలిశాక ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకుంటాయి. మంచిదే. కానీ ఆ జీవులు మన చర్మం కప్పుకుని, మన భాషలో మాట్లాడిన తరవాతే వాళ్ల భయం మనకు వినబడింది. ‘మనలాంటి వాళ్లే’ అని తేలితే తప్ప దయ చూపలేని నీతి, ఎంత విశాలంగా కనిపించినా, మన అద్దంలోనే తిరుగుతుంది.

అందుకే రెండు ఎపిసోడ్లలో నాకు సంధి కుదిరిన దానికన్నా, ఓడిపోయిన ‘ప్రే’యే విలువైనదిగా కనిపిస్తుంది. అక్కడ జేన్‌వే ఆ జీవిని మనిషిగా మారమనలేదు, కృతజ్ఞత చూపమనలేదు, ఇంటికి పంపుతానంది. ఆ దయను సెవెన్ అసమ్మతి దాకా చాచలేకపోయింది. సెవెన్ తన స్వేచ్ఛను ఆ జీవి ప్రాణం దాకా ఆలోచించలేకపోయింది. మనలో మనం వాదించుకునేటప్పుడు, ఆ గదిలో లేని వాళ్లెవరో, మన గెలుపుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో అడగడం మన బాధ్యత. వాళ్లను ఏ పేరుతో పిలవాలో వాళ్లనే అడగడం అందులో మొదటి పని.