సరుకు మనది, మాట ఎవరిది?

నిజాయితీగా, నమ్మకంగా వ్యాపారం చేసిన వర్తకుడికి ప్రళయదినాన ఎంతటి గొప్పవారి సరసన స్థానం దక్కుతుందో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలియజేసిన హదీసు మనలో చాలామంది జుమా ప్రసంగాలలో విన్నదే. ఆ శుభవార్త మీద ఆశతో నలభై ఏళ్లుగా దుకాణం నడుపుతున్న ఒక పెద్దాయన కొన్నాళ్ల క్రితం అసర్ నమాజు తరువాత మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. మస్జిదు వీధిలో ఆయనది చిన్న అంగడి. అత్తరు, సుర్మా, మిస్వాకులు, తస్బీహులు, టోపీలు అమ్ముతారు. డిగ్రీ చదివిన కొడుకు రెండేళ్లుగా ఆ సరుకులే కొన్నింటిని ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముతున్నాడు.

ఆయన బాధ ఇది. ఒక కంపెనీ స్ప్రే సెంటును కొడుకు ఆన్‌లైన్‌లో పెట్టాడు. సీసా మీద ఉన్నట్టుగానే, అందులో ఆల్కహాలు ఉందని స్పష్టంగా రాశాడు. అదే సెంటును ఇంకా నలుగురైదుగురు అమ్ముతున్నారు. ఆ బజారువారి కంప్యూటరు అందరి సరుకునూ కలిపి ఒకే పేజీ చేసింది. కొడుకు రాసిన మాటలు పోయాయి. వాటి స్థానంలో ‘ఆల్కహాలు లేని అత్తరు’ అన్న మాట వచ్చి చేరింది. దిద్దమని మూడుసార్లు రాస్తే మూడుసార్లూ ఒకే అచ్చు జవాబు వచ్చింది. ఈలోగా వేరే జిల్లా నుంచి ఒక సోదరి కొన్నది. బట్టల మీద చల్లుకుని నమాజు చేసుకున్న తరువాత సీసా వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదివింది. ‘ముస్లిములై ఉండి కూడా ఇలా అబద్ధం రాస్తారా?’ అని అందరికీ కనబడేటట్టు రాసింది.

‘మౌలానా, ఆ అబద్ధం నేను రాయలేదు. రాసినవాడెవడో నాకు తెలియదు. కానీ ఆమె ఇంటికి చేరిన డబ్బా మీద పంపినవాడి పేరు నాదే. రేపు అల్లాహ్ సన్నిధిలో ఆ మాట ఎవరి లెక్కలో పడుతుంది?’ అని అడిగారు.

ఆల్కహాలు ఉన్న సెంటు వాడవచ్చా, అది ఏ పదార్థంతో తయారైనదైతే ఏ హుకుము అన్న విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉంది. అది వేరే చర్చ. ఆ సోదరి ఏ అభిప్రాయాన్ని అనుసరిస్తుందో నిర్ణయించుకునే హక్కు ఆమెది. ఆ హక్కును ఒక తప్పుడు మాట లాగేసుకున్నదన్నదే ఇక్కడ విషయం.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మేము చదువుకున్న ఫిఖ్హ్ కితాబులలో దుకాణదారుడు ఉన్నాడు, దల్లాలు ఉన్నాడు, వకీలు ఉన్నాడు, బజారును కనిపెట్టి చూసే ముహ్తసిబ్ ఉన్నాడు. అమ్మేవాడి నోట తన మాటలు పెట్టే బజారు మాత్రం ఆ కితాబులలో ఎక్కడా ఎదురుకాలేదు.

తడిసిన ధాన్యం

సహీహ్ ముస్లింలోని ఒక ప్రసిద్ధ సంఘటనను తలచుకుందాం. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులోకి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసం చేసేవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు.

ఈ హదీసును మనం మోసం గురించే చెప్పుకుంటాం. ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. రాశిలో ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అన్నది ఆ వర్తకుడి చేతిలో ఉంది. అందుకే ఆయన (స) అతణ్ణి అడిగారు. ఆ వర్తకుడు తడి గింజలు పైకి తెచ్చి పెట్టాక, అతను అటు తిరగగానే ఇంకెవరో వచ్చి వాటిని మళ్లీ కిందికి తొక్కేశారనుకోండి. ఇప్పుడు ప్రశ్న ఎవరిని అడగాలి?

సరుకులోని లోపాన్ని, గుణాన్ని కొనేవారికి వివరించి చెప్పడం షరీఅత్‌లో అమ్మేవాడి మీద ఉన్న విధి. కొనేవాడు, అమ్మేవాడు సత్యం పలికి ఉన్నదున్నట్లు చెప్పుకుంటే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచిపెడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల హదీసులు చెబుతున్నాయి. వర్తకుడి నుంచి ఈ మాటను లాగేసుకుంటే అతని వ్యాపార స్వేచ్ఛ ఒక్కటే పోదు. అల్లాహ్ అతని మీద పెట్టిన ఒక ఆజ్ఞను పాటించే వీలు కూడా పోతుంది. బాధ్యత మెడ మీదనే ఉంటుంది, నాలుక మాత్రం ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఈ ఆన్‌లైన్ బజారులలో మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టిన విషయం ఇదే.

ఇది ఆ పెద్దాయన ఒక్కరికి వచ్చిన కష్టం కాదు. అమెజాన్ వంటి చోట్ల ఒకే వస్తువును అమ్మేవారందరికీ ఒకే పేజీ ఉండటం పద్ధతి. పేరు, బొమ్మ, వివరణ ఎవరు పంపినవి తీసుకోవాలో సంస్థ ఏర్పాటే తేలుస్తుంది. కొనేవారికి ఇందులో సౌకర్యం ఉంది, కాదనలేం. ఒకే వస్తువు ధర ఎక్కడ తక్కువో తేలిగ్గా తెలుస్తుంది. కానీ ఆ పేజీలో తప్పు దొర్లితే నింద మాత్రం డబ్బా పంపినవాడికి చేరుతుంది.

మౌనం అంగీకారమా?

దీనికంటే ఒక అడుగు ముందుకు వేసిన సంగతి అమెరికాలో జరిగింది. అమెజాన్ సంస్థ 2025 ఏప్రిల్‌లో ఒక కొత్త సౌకర్యాన్ని ప్రయోగంగా మొదలుపెట్టింది. తమ దగ్గర దొరకని వస్తువు ఇతరుల వెబ్‌సైటులో ఉంటే, కొనేవారి తరఫున కృత్రిమ మేధ అక్కడికి వెళ్లి కొని పెడుతుంది. 2026 జనవరిలో పలువురు చిన్న వర్తకుల గోడు పత్రికలకెక్కింది. తాము ఎన్నడూ అమెజాన్‌లో చేరలేదని, అయినా తమ సరుకు తమకు తెలియకుండానే అక్కడ కనబడుతోందని, కొన్నిచోట్ల వివరాలు తప్పుగా ఉన్నాయని, నిల్వ లేని వస్తువులకు కూడా ఆర్డర్లు వచ్చాయని వారు వాపోయారు. వద్దనుకున్నవారు మెయిలు రాస్తే తీసివేస్తామని సంస్థ చెప్పింది.

‘వద్దని చెప్పలేదు కనుక ఒప్పుకున్నట్టే’ అన్న వాదనను ఫిఖ్హ్ తూకంలో పెట్టి చూద్దాం. ఉర్వా బారిఖీ (రజి) ఉదంతం బుఖారీలో ఉంది. మేకను కొనుక్కురమ్మని దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన ఆ దీనారుతో రెండు మేకలు కొని, ఒకదానిని ఒక దీనారుకు అమ్మి, మేకతో పాటు దీనారును కూడా తెచ్చి ఇచ్చారు. ప్రవక్త (స) సంతోషించి ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం దుఆ చేశారు. అనుమతి లేకుండా ఇతరుల సొమ్మును అమ్మేవాణ్ణి ఫుఖహాలు ‘ఫుజూలీ’ అంటారు. అలాంటి అమ్మకం యజమాని ఆమోదం మీద ఆగి ఉంటుందని, అతను ఒప్పుకుంటే చెల్లుతుందని, కాదంటే చెల్లదని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. షాఫియీ మజ్‌హబ్‌లో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం అది అసలే చెల్లదు. భేదం ఎంత ఉన్నా, యజమాని నోరు తెరిచి ఒప్పుకోనిదే బేరం పూర్తికాదన్నది ఇద్దరి మాటలోనూ ఉంది.

అమెజాన్ పక్షాన ఒక వాదన ఉందని న్యాయం కోసం ఒప్పుకోవాలి. అది అమ్మేవాడి తరఫున అమ్మడం లేదు, కొనేవాడి వకీలుగా కొంటోంది, వర్తకుడికి అతను పెట్టిన ధర అందుతోంది. కొనుగోలు కోసం వకీలును పెట్టుకోవడం షరీఅత్‌లో ధర్మసమ్మతమే. మా అభిప్రాయంలో ఈ వాదన కొనుగోలు వరకే నిలుస్తుంది. ఒకరి సరుకును తన అంగడిలో పరిచి, దాని గురించి తాను రాసిన మాటలను యజమాని మాటల్లాగా చూపడం వకీలు పని కాదు.

నికాహ్‌లో కన్య మౌనాన్ని అనుమతిగా తీసుకుంటాం కదా అని ఒక విద్యార్థి మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. అక్కడ ఆమెను ముందు అడుగుతారు. విషయం ఆమెకు తెలుసు, సిగ్గు ఆమె నోటిని ఆపుతుంది. ఈ వర్తకులను అడిగినవారే లేరు. అడగని ప్రశ్నకు మౌనం జవాబు ఎలా అవుతుంది? సూరా అన్నిసా 29వ ఆయతులో అల్లాహ్ వాణిజ్యాన్ని ఉభయుల ఇష్టంతో ముడిపెట్టాడు. ఇష్టం అన్నది తెలిసిన విషయం మీదనే ఏర్పడుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం భోజనాలు చేరవేసే కంపెనీల విషయంలో ఈ న్యాయాన్నే చట్టం చేసింది. హోటలుతో ఒప్పందం లేకుండా దాని వంటకాలకు ఆర్డర్లు తీసుకోరాదన్న నిబంధన 2021 జనవరి నుంచి అక్కడ అమలులో ఉంది.

బజారు యజమాని హక్కు

‘బజారు వారిది, షరతులు వారివి. ఇష్టమై సంతకం చేశాక ఫిర్యాదు ఎందుకు?’ అంటారు కొందరు. ముస్లిములు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడాలన్న హదీసు మన ముందు ఉంది. అయితే హలాలును హరాము చేసే షరతును, హరామును హలాలు చేసే షరతును ఆ హదీసే మినహాయించింది. అబద్ధపు వర్ణన కింద సరుకు అమ్మడానికి ఏ సంతకమూ అనుమతి కాలేదు.

బజారును అదుపులో ఉంచే హక్కు మాత్రం నిజమైనదే. నకిలీ సరుకును తీసివేయడం, తూకం సరిచూడటం, మోసగాణ్ణి బయటికి పంపడం ముహ్తసిబ్ చేసిన పనులే. ధర విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతం ఒకటి ఉంది. బజారులో ఎండు ద్రాక్ష అమ్ముతున్న హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి)ను చూసి, ధర పెంచు, లేదంటే మా బజారు నుంచి వెళ్లిపో అన్నారని ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో ఉంది. ఇమామ్ షాఫియీ (రహ్మలై) ఉల్లేఖనంలో దీనికి కొనసాగింపు ఉంది. ఉమర్ (రజి) తరువాత ఆలోచించుకుని హాతిబ్ ఇంటికే వెళ్లారు. తాను అన్నది ఆజ్ఞ కాదని, తీర్పు కాదని, ఊరి జనం మేలు కోరి అన్నానని, నీ ఇష్టమైన చోట ఇష్టమైన విధంగా అమ్ముకోమని చెప్పారు. అంతటి ఖలీఫా ఒక ద్రాక్షల వ్యాపారి గడప దగ్గరకు వెళ్లి తన మాటను వెనక్కి తీసుకున్నారు. మూడు ఉత్తరాలకు ఒకే అచ్చు జవాబు అందుకున్న మా పెద్దాయనకు ఈ రివాయతు చెప్పినప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి.

మన దేశంలోనూ ఈ విషయంలో కట్టుబాట్లు ఉన్నాయి. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ బజారులు సరుకుల అమ్మకపు ధరను నేరుగా గాని, పరోక్షంగా గాని ప్రభావితం చేయరాదని 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. అది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ఏ సరుకు ముందు కనబడాలి, ఏది వెనుక కనబడాలి అన్నది ప్రధానంగా దేనిని బట్టి నిర్ణయిస్తున్నారో కూడా వారు తెలపాలి.

ముహ్తసిబ్ కూడా పక్కనే దుకాణం పెట్టుకున్నాడంటే సంగతి మారిపోతుంది. పాలకుడే వ్యాపారంలోకి దిగితే ప్రజలకు ఎంత నష్టమో ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశారు. బజారు నడిపేవాడికి ఎవరి సరుకు ఎంత అమ్ముడవుతోందో తెలుసు, పేజీ వారి చేతిలో ఉంది, వరుస వారి చేతిలో ఉంది. స్వతంత్ర వర్తకుల గుప్త సమాచారాన్ని తమ సొంత అమ్మకాల కోసం వాడబోమని అమెజాన్ ఇచ్చిన హామీని 2022 డిసెంబరు 20న ఐరోపా కమిషన్ ఆమోదించింది. అంతకుముందు 2021 అక్టోబరులో, భారతదేశంలో ఆ సంస్థ ఇతరుల సరుకులను అనుకరించి, వెతుకులాటలో తన సరుకు ముందు కనబడేటట్టు చేసుకున్నదని రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. సంస్థ ఆ ఆరోపణను ఖండించింది. బజారుకు వస్తున్న బిడారును ఊరి బయటే కలిసి, ధర తెలియని వారి దగ్గర సరుకు కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా ఇచ్చారు. ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలియకపోవడాన్ని లాభంగా మార్చుకోవడం అన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇంత చెప్పాక మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. ఇతరుల సరుకు బొమ్మలను అడగకుండా తీసుకుని వాట్సాప్ గ్రూపులలో తమవిగా పెట్టేవారు మనలో ఉన్నారు. ‘హలాల్’ అన్న మాటను ఏ విచారణా లేకుండా సబ్బుల మీద, తేనె సీసాల మీద రాసేవారూ ఉన్నారు. పెద్ద కంపెనీ చేస్తే జుల్మ్, మనం చేస్తే చిన్న పొరపాటు అనుకోవడానికి వీల్లేదు.

వారం తరువాత ఆ పెద్దాయనకు మేము చెప్పిన జవాబు ఇది. తెలియక ముందు జరిగిన దానిలో ఆయన మీద పాపం లేదు. అబద్ధం ఎవరి చేత పుట్టిందో వారిదే ఆ లెక్క. అయినా చెప్పిన గుణం సరుకులో లేదు కాబట్టి ఆ సోదరికి వాపసు హక్కు ఉంది, డబ్బు తిరిగి ఇవ్వాలి. తెలిసిన తరువాత అదే పేజీ మీద అమ్ముతూ ఉంటే మాత్రం మొదట ఎవరు రాసినా ఇప్పుడు ఆ మాటలో తనకూ వాటా ఉంటుంది.

కొడుకు కూడా వచ్చాడు. ‘డబ్బాలో చీటీ పెడతాను మౌలానా సాబ్, ఆల్కహాలు ఉందని, ఇష్టం లేకపోతే తిరిగి పంపమని రాస్తాను’ అన్నాడు. చీటీ డబ్బు కట్టిన తరువాత చేరుతుంది, వివరించి చెప్పడం బేరానికి ముందే జరగాలి అని చెప్పాం. అతని ముఖం చిన్నబోయింది. ఆన్‌లైన్‌లో వాళ్లకు ఎక్కువగా పోయే సరుకు అదేనట. ‘మేము తీసేస్తే మిగతా నలుగురు అదే పేజీ మీద అమ్ముకుంటారు. ఆ అబద్ధం అలాగే ఉంటుంది. నష్టం మాకు ఒక్కరికే’ అన్నాడు. అతను చెప్పింది నిజం. దానికి మా దగ్గర జవాబు లేదు.

పెద్దాయన కాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చుని, ‘తీసెయ్ బేటా’ అన్నారు. ఆ సెంటు ఇప్పుడు దుకాణంలో మాత్రమే ఉంది. అడిగినవారికి సీసా తిప్పి వెనుక రాసినది ముందు చదివి వినిపిస్తారు. మొన్న మేము చూసినప్పుడు ఆ పేజీ అలాగే ఉంది. అమ్మేవారి జాబితాలో ఆయన పేరు మాత్రం లేదు.