తరువాతి కోత

ఇంజను పొగ వదులుతూ, నూనె తాగుతూ, ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే "బోరుకొచ్చింది" అంటారు మెకానిక్కులు. ఆ మాట వినగానే బండి యజమాని మొదట అడిగేది ఖర్చెంత అని. రెండోది, ఎన్నాళ్ళు పడుతుంది అని. మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని సాధారణంగా ఎవరూ అడగరు. ఈ మరమ్మత్తు అయ్యాక ఇంకొక మరమ్మత్తుకు ఇందులో ఏం మిగులుతుంది? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అని నాకు తోస్తుంది. ఎందుకో చెప్తాను.

మా హరూరులో పాత మారుతి 800లు ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. మా ఇంట్లోనూ ఒకటుంది, కార్బురేటరు రకం. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి అది. మూడు సిలిండర్లు. ఒక్కొక్కటి 68.5 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టను నడక 72 మిల్లీమీటర్లు, మొత్తం 796 సీసీ. ఏళ్ళ తరబడి రింగులు రాసుకుని సిలిండరు గోడ అరుగుతుంది. పై రింగు వెనుదిరిగే చోట ఎక్కువ అరుగుతుంది, అడుగున తక్కువ. గుండ్రంగా ఉండవలసింది కోడిగుడ్డు వాటం తిరుగుతుంది. అప్పుడు లేత్ షాపులో గోడను కాస్త కోసి, మళ్ళీ గుండ్రం చేసి, పెద్ద పిస్టను వేస్తారు. ఈ ఇంజనుకు కంపెనీ పెద్ద పిస్టన్లు రెండే కొలతల్లో ఇచ్చింది: పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు. అంటే రెండు కోతలకే చోటు.

చిత్రమేమంటే, అర మిల్లీమీటరు కోశాక అదే ఇంజను 807 సీసీ దాటుతుంది. కాగితం మీద పెరిగింది, ఇనుములో తరిగింది. ప్రతి మరమ్మత్తూ వస్తువులోంచే కొంత ఖర్చు పెట్టి ఆ వస్తువును బతికిస్తుంది.

మా బండి విప్పి కొలిచినప్పుడు పావు కోతతోనే అరుగుదల అంతా పోతుందని తేలింది. కాని పావు పిస్టన్లు సేలం నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుంది. అర పిస్టన్లు చేతిలో ఉన్నాయి. "అన్నా, అర కొట్టించేద్దాం. ఎల్లుండికి బండి మీ వాకిట్లో ఉంటుంది. పదేళ్ళ తరువాత ఎవరడగొచ్చారు?" అన్నాడు మెకానిక్. అతని మాటలో మోసం లేదు. అర కోసినా ఇంజను అంతే బాగా నడుస్తుంది. నాకు నష్టం లేదు. నష్టపోయేవాడు ఇంకా రాలేదు, అంతే. వాడు నా కొడుకు కావచ్చు, ఈ బండిని కొనుక్కునే ముక్కూ మొహం తెలియని మనిషి కావచ్చు.

ఆగడం కూడా ఊరికే రాదు. ఆ వారంలో మా అమ్మను రెండుసార్లు ధర్మపురి ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఎవరో ఎప్పుడో వాడుకునే పావు మిల్లీమీటరు కోసం కళ్ళెదుటి తల్లిని బస్సు మెట్లెక్కించడం ధర్మమా? అడిగితే అమ్మ, "బస్సులో కూర్చుంటే నేనేం అరిగిపోతానా?" అంది. ఆమె ఒప్పుకుంది గనుక ఆగాను. ఒప్పుకోకపోతే అర కోతే వేయించేవాణ్ణి, అదీ తప్పు కాదనే అంటాను. రాబోయేవాడి పట్ల మనకు బాధ్యత ఉన్నమాట నిజమే. దాని ఖర్చు మన జేబులోంచి పోవాలి గాని పక్కవాళ్ళ మోకాళ్ళలోంచి పోకూడదు.

"నా వస్తువు, నా ఇష్టం" అనేవారున్నారు. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి కథ మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. 1893లో కలంగల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన ఆయన, హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక దొర దగ్గర రడ్జ్ మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి మళ్ళీ బిగించి పని నేర్చుకున్నారు. తన కష్టార్జితం, పాడైతే పోయేది తన సొమ్మే. 1920లో పొల్లాచి, పళని మధ్య ఆయన బస్సు నడపడం మొదలుపెట్టారు. అందులో జనం ఎక్కారు. అక్కణ్ణుంచి బండి యజమానిదే అయినా, దాన్ని నమ్ముకున్న ప్రాణాలు యజమాని ఒక్కడివే కావు. రోడ్డెక్కిన ఏ బండి సంగతైనా అంతే.

ట్యూనింగు చూడండి. హెడ్డు అడుగు కాస్త చెక్కిస్తే కంప్రెషను పెరుగుతుంది. టైమింగు ముందుకు జరిపితే బండి చురుగ్గా లేస్తుంది. కుర్రకారుకు అదో ముచ్చట. కాని హెడ్డులోంచి పోయిన అల్యూమినియం తిరిగి రాదు. సేలం దారిలో నలుగురిని ఎక్కించుకుని మంజవాడి కనుమ ఎక్కేటప్పుడు, మరీ ముందుకు జరిపిన టైమింగుకు ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. అది సాగితే పిస్టను నెత్తి దెబ్బతింటుంది. దిగేటప్పుడు బ్రేకులేమో పాతవే. రోడ్డుకు ట్యూను చెయ్యడమంటే ఎండలో, ఎత్తులో, దొరికిన పెట్రోలుతో, రేపు కూడా ఇలాగే నడిచేట్టు చెయ్యడం. ఆ పెట్రోలూ మారింది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలైంది. పాత జెట్టుతో దాని మిశ్రమం పల్చనవుతుంది, పాత రబ్బరు గొట్టాలు చెడిపోవచ్చు. పాత పుస్తకంలోని అంకె కంటె ఈనాటి బండి చెప్పేది వినడం ముఖ్యం.

ఇంకో మాటా వినిపిస్తుంది. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకు ఆర్.సి.ని అయిదేళ్ళకొకసారి తిరిగి రాయించుకోవాలి, రేపో మాపో పాత ఇనుముకు పోయే బండికి ఇంత ఆలోచనా అని. ఎన్నాళ్ళో తెలిస్తే లెక్కగా ఖర్చు పెట్టుకోవచ్చు. తెలియదు గనుకనే మిగల్చాలి. లైనరు వేయించి మొదటి కొలతకే రావచ్చు కదా అంటారు. రావచ్చు, కాని లైనరు కూర్చోవడానికీ చుట్టూ గోడ మిగలాలి.

అలాగని మిగల్చడం పేరుతో పిసినారితనం పనికిరాదు. గుండ్రం పోయిన సిలిండర్లో రింగులు మాత్రం మార్చి బిగిస్తే, ఆ పొగ వెనక వచ్చే సైకిలువాడు పీల్చాలి. అరుగుదల పూర్తిగా పోయేంత కొయ్యాలి, అంతకు మించి కొయ్యకూడదు. ఆ హద్దును చెప్పేది కొలిచే పరికరం, మన తొందర కాదు.

కోత ఎంతో పిస్టను నెత్తి మీద గుర్తు ఉంటుంది. హెడ్డు మూశాక అది ఎవరికీ కనబడదు. బండి కొనేవాడు అడగడు, అడగాలని అతనికి తెలియదు. అందుకే బండి కాగితాల్లో ఒక చీటీ పెట్టాను. ఎప్పుడు విప్పారు, ఎంత కోశారు, ఏ జెట్టు వేశారు, హెడ్డు చెక్కించలేదు అన్నవన్నీ తెలుగులోనూ తమిళంలోనూ రాశాను. తరువాతివాడు ఏ భాషవాడో నాకు తెలియదు. "ఇంకొక కోతకు చోటుంది" అన్నది అందులో చివరి వాక్యం. మరమ్మత్తు చేయించినవాడు ఆ ఒక్క వాక్యం నిజంగా రాయగలిగితే చాలునని నా నమ్మకం.