భద్రం ఎవరికి?

అమ్మ పోయిన మరుసటి ఏడాది, 2018 వేసవిలో, ఆమె నాణేల ఆల్బమ్ తీశాను. అమ్మ ఆల్బమ్ అంటున్నాను గానీ నిజానికి అది నేను కొన్నదే. నాణేలు మాత్రమే అమ్మవి. పదకొండు చిల్లుకాణీలు, కొన్ని అల్యూమినియం పైసలు, నాలుగైదు పావలాలు. పేజీ తిప్పబోతే వేలికి జిగురు తగిలింది. మెత్తటి ప్లాస్టిక్ జేబుల్లో ఒక్కో కాణీ చుట్టూ పచ్చటి బంక. నూతి గట్టు మీద పాకుడులా ఉంది.

అదే నాణేలు అంతకుముందు ముప్పై నలభై ఏళ్లు పాత బోర్న్‌విటా డబ్బాలో ఒకదానిమీద ఒకటి పడి గలగలలాడుతూ ఉన్నాయి. వాటికేం కాలేదు. నేను 'భద్రపరిచిన' ఏడేళ్లలోనే పాడయ్యాయి. ఆ సిగ్గులోంచే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

చిల్లుకాణీ ఇప్పటి పిల్లలకు తెలియదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి మధ్యలో పెద్ద చిల్లు పెట్టి వేసిన కంచు పైసా అది. 1943 నుంచి 1947 దాకా వచ్చింది. బరువు సుమారు 2 గ్రాములు. అణాలో నాలుగోవంతు, 64 కలిస్తే రూపాయి. మధ్యలో చిల్లు ఉండటంతో రాజుగారి తలకి చోటు లేకపోయింది, కిరీటం మాత్రం మిగిలింది. అమ్మమ్మ వీటిని దారానికి గుచ్చి పసిపిల్లల మొలతాడుకి కట్టేదట. అమ్మ తమ్ముళ్ల నడుముల మీద, చెల్లెళ్ల నడుముల మీద తిరిగి తిరిగి చిల్లు అంచులు నున్నబడ్డాయి.

2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. ఆ వారంలోనే నాకు హఠాత్తుగా అమ్మ డబ్బా గుర్తొచ్చింది. చెల్లని వాటికి విలువ పెరుగుతుందని ఎక్కడో చదివాను. డబ్బా అడిగితే అమ్మ, "అక్కడుంటే వాటికేమవుతుందే?" అంది. "పాడైపోతాయమ్మా, నేను భద్రంగా పెడతా" అన్నాను. చింతపండు వేసి, ఇత్తడి చెంబులు తోమినట్టు తోమాను. తళతళా మెరిశాయి. ఆల్బమ్‌లో సర్ది అమ్మకు చూపిస్తే, కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసి, "కొత్తవిలా ఉన్నాయి" అంది. మెచ్చుకుందనుకున్నాను.

ఆల్బమ్ పాడయ్యాక హైదరాబాదులో జరిగే నాణేల ప్రదర్శనకు దాన్ని పట్టుకెళ్లాను. అక్కడొక పెద్దాయన, నలభై ఏళ్లుగా నాణేలు అమ్మేవాడు, చూడకుండానే వాసన చూశాడు. "ఇది పీవీసీ అమ్మా" అన్నాడు. మెత్తగా ఉండటానికి అందులో నూనెలాంటి రసాయనాలు కలుపుతారట. మన ఎండలకీ తేమకీ అవి బయటికి ఊరతాయి. ప్లాస్టిక్ కూడా మెల్లగా విడిపోతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. రాగి, కంచు దానికి లొంగిపోయి పచ్చబడతాయి. రాగితీగని మంటలో కాల్చి ప్లాస్టిక్‌కి తాకించి మళ్లీ మంటలో పెడితే, మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టట. మైలార్ అనే పాలియెస్టర్ పొరలు, లేదా గట్టి యాక్రిలిక్ డబ్బీలు మేలు. చిన్న నాణేనికి పెద్ద డబ్బీ వాడితే లోపల కదిలి గీతలు పడతాయి, కొలతకు తగ్గది కావాలి. రబ్బరుబ్యాండు వద్దు, అందులో గంధకం ఉంటుంది. ఓక్ చెక్క పెట్టె వద్దు, అదీ ఆమ్లం వదులుతుంది. పట్టుకుంటే అంచులే పట్టుకోవాలి, చేతి చెమట కూడా లోహాన్ని తింటుంది.

ఇంత చెప్పి, "కడిగారా?" అని అడిగాడు. చింతపండు సంగతి చెప్పాను. తల పట్టుకున్నాడు. "ఆ గోధుమరంగు మురికి కాదమ్మా. గాలికీ చేతులకీ తగిలి లోహం తన మీద తను కప్పుకున్న పొర. లోపలి లోహాన్ని కాపాడేది అదే. దాన్ని మీరు తీసేశారు."

ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. వాటికి అప్పటికే ఒక రక్షణ ఉంది. అది నాకు మురికిలా కనపడింది. దాన్ని గీకేసి, నేను మెచ్చిన రక్షణ తెచ్చి తొడిగాను.

ఆడవాళ్లు డబ్బు దాచుకునే చోట్లు మనందరికీ తెలుసు. కొంగుముడి, పోపులడబ్బా, బియ్యపుడ్రమ్ము అడుగు, మడతపెట్టిన పట్టుచీర పొర. మగవాళ్లు నేలలో పాతిపెడితే దాన్ని లంకెబిందెలన్నారు. వాటి చుట్టూ కథలల్లారు. 1878లో వాటికోసం చట్టమే చేశారు. ఆడది పోపులడబ్బాలో దాచుకుంటే మాత్రం అది 'దొంగడబ్బు'. ఆ దొంగడబ్బుతోనే మా అమ్మ నా డిగ్రీ పరీక్ష ఫీజు కట్టింది. నాన్న "ఆడపిల్లకి ఇంటర్ చాలు" అన్న రోజు సాయంత్రం, అమ్మ వంటింట్లో ధనియాల డబ్బా బోర్లించి చిల్లర లెక్కపెట్టింది. ఆ రూపాయి బిళ్లలకు ధనియాల వాసన. నేనీ వ్యాసం రాయగలుగుతున్నానంటే ఆ వాసన పుణ్యమే.

2016 నవంబర్ 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు ఎంతమంది ఆడవాళ్ల డబ్బాలు బయటపడ్డాయో మనం చూశాం. అమ్మ కూడా ఒక పాత చీర మడతలోంచి ఐదు ఐదువందల నోట్లు తీసి నా చేతిలో పెట్టి, "అన్నయ్యకి చెప్పకు" అంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి! ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని రెండున్నర వేలు ఆమెకు ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. రహస్యం కూడా ఒక పొరే.

నాణేలు సేకరించేవాళ్ల లోకంలో దీనికి పూర్తిగా భిన్నమైన విలువలున్నాయి. అక్కడ అన్నిటికన్నా ఖరీదైనది, ఎవరి చేతా తాకబడనిది. ముద్రణాలయం నుంచి నేరుగా వచ్చి, ఒక్క కూరగాయల బేరంలోనూ పాల్గొనని నాణేనికి పెద్ద మార్కులు. ఊళ్లు తిరిగి అరిగిపోయిన దానికి చిన్న మార్కులు. 1 నుంచి 70 దాకా ఉండే ఈ మార్కుల పద్ధతికి మూలం 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ పెద్ద రాగి సెంట్ల కోసం చేసిన కొలబద్ద. ఆయన వృత్తి మనస్తత్వ శాస్త్రం. మనుషుల శరీరాలనూ మూడు రకాలుగా విడదీసి, 1 నుంచి 7 దాకా అంకెలు వేసి, ఆ అంకెల్లోంచి స్వభావం చదవొచ్చన్నాడు. అందుకోసం కాలేజీ విద్యార్థులను నగ్నంగా ఫొటోలు తీయించాడు. 1950లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అమ్మాయిలను ఇలాగే తీస్తే, తల్లిదండ్రులకు తెలిసి గొడవై ఆ ఫొటోలు తగలబెట్టారు. ఆయన పోయాక ఇంకో సంగతి బయటపడింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లు తను తీసుకుని, వాటి స్థానంలో నాసివి పెట్టేశాడట. నాణేలకూ శరీరాలకూ అంకెలు వేసిన మనిషి, కాపలా నమ్మి తెరిచిన పెట్టెలోంచే దొంగిలించాడు!

1986 తర్వాత అక్కడ వచ్చిన గ్రేడింగ్ సంస్థలు ఇలా మార్కులు వేసిన నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తాయి. పగలగొడితే తప్ప రాదు. పగలగొడితే మార్కు పోతుంది. 'తాకబడనిది' గొప్పది అనే విలువ ఎవరెవరి మీద మోపబడిందో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మన కాసులపేరు చూడండి. ఒక్కో బంగారు కాసుకీ కొక్కెం అతికించి, గుచ్చి, మెడలో వేసుకుంటారు. కొక్కెం పడిన కాసు సేకర్తకు 'దెబ్బతిన్నది'. ఆడవాళ్లకు అది ఆపదలో అక్కరకొచ్చే ఆస్తి. ఒళ్లే బీరువా అన్నమాట. అలాగని కాసులపేరు స్వేచ్ఛకు గుర్తని నేను చెప్పబోవడం లేదు. మెడలో ఉన్నంత మాత్రాన అది ఆమెది కాదని తెలిసినవాళ్లమే. స్త్రీధనం భార్య సొంత ఆస్తి, అది భర్త చేతిలో ఉన్నా అతను దాన్ని ఆమె తరఫున ఉంచుకున్నవాడే తప్ప హక్కుదారు కాడని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పాల్సి వచ్చింది. "నీ నగలు బీరువాలో భద్రంగా ఉన్నాయిలే" అన్న మాట వెనక బీరువా తాళం ఎవరి దగ్గరుందన్న ప్రశ్న ఎప్పుడూ ఉంది.

అయితే ఇక్కడ నాతో నేనే తగువు పడాల్సి వస్తోంది. భద్రపరచడమంతా బంధించడమేనా? ఆ మాట అనడం తేలిక, కానీ నిజం కాదు. స్త్రీల రాతలు, ఉత్తరాలు, డైరీలు ఎందుకు పోయాయి? ఎవరూ భద్రపరచకపోవడం వల్లనే కదా! స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటలను వాళ్ల నోటినుంచే విని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తేకపోతే, ఆ గొంతులు ఆ మనుషులతోనే పోయేవి. అరిగిపోవడం అందంగా ఉంటుందని చెప్పి అన్నీ అరిగిపోనిస్తే మన మనవరాళ్లకు ఏం మిగులుతుంది? మైలార్ పొరను కనిపెట్టినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను. తప్పు భద్రపరచాలనుకోవడంలో లేదు. ముందు అడగకపోవడంలో ఉంది.

ఇక్కడిదాకా వచ్చాక నాణేల సంగతి పక్కనపెట్టి అసలు సంగతి చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది.

నాన్న పోయాక, 2009లో అమ్మను తెనాలి దగ్గరి మా ఊరినుంచి హైదరాబాదుకు తెచ్చాను. ఒంటరిగా ఎలా ఉంటుందన్నది నా దిగులు. నిజానికి ఆమె అక్కడ ఒంటరి కాదు. పొద్దున్నే పాలు పోసే మనిషి, మధ్యాహ్నం అరుగు మీద చేరే నలుగురు, సాయంత్రం "వదినా, ఏం కూర?" అని గోడమీంచి పలకరించే పక్కింటావిడ. ఒక రోజు తలుపు తీయకపోతే అరగంటలో ఊరంతా తెలిసేది. అరవై ఏళ్లలో తన చుట్టూ తను కప్పుకున్న పొర అది. నాకది పల్లెటూరి గొడవలా, ఊసుపోని కబుర్లలా కనపడింది. తెచ్చి మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెట్టాను. కాలేజీకి వెళ్తూ బయటినుంచి తాళం వేసేదాన్ని. ఎవరైనా వస్తే ఆమెకు తెలియక తలుపు తీస్తుందేమోనని భయం. గ్యాస్, మందులు, ఫోను, అన్నీ చేతికందేలా ఏర్పాటు చేశాను. ఏ లోటూ లేదని అందరికీ చెప్పుకున్నాను.

మూడేళ్లు గడిచాక ఒక రోజు నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ గుమ్మం దగ్గరికొచ్చి, "తాళంచెవి నాక్కూడా ఒకటి చేయించవే" అంది. కోపంగా కాదు, ఉప్పు తెమ్మన్నట్టుగా. "ఎక్కడికెళ్తావమ్మా?" అన్నాను. "ఎక్కడికీ వెళ్లను" అంది. నేను ఆలస్యమవుతోందని తాళం వేసి వెళ్లిపోయాను. స్త్రీల స్వేచ్ఛ మీద ఆ రోజు నాకు రెండు క్లాసులున్నాయి. తాళంచెవి చేయించడానికి నాకు మరో నాలుగు నెలలు పట్టింది. అది చేతికొచ్చాక కూడా అమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. దాన్ని కొంగున ముడేసుకుంది.

ఆ నాలుగు నెలలకు నా దగ్గర జవాబు లేదు. ప్రేమ ఉంది, భయం ఉంది, సమయం లేదు. ఇవన్నీ నిజాలే. నేను వాడిన ప్లాస్టిక్ కూడా మెత్తగానే ఉంది కదా.

అందుకే ఇప్పుడు దేన్నయినా, ఎవరినైనా కాపాడబోయే ముందు నన్ను నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. దీనికి ఇప్పటికే ఉన్న రక్షణ ఏమిటి, దాన్ని నేను మురికి అనుకుంటున్నానా? నేను తొడిగేది లోపలిదాన్ని మెల్లగా తింటోందా? దీన్ని తెరిచే హక్కు లోపలున్నవాళ్లకు ఉందా? మూడో ప్రశ్న నాణేలకు వర్తించదు. మనుషులకు మాత్రం అదే మొదటిది కావాలి.

పెద్దాయన చెప్పినట్టే కాణీలను శుద్ధమైన ఎసిటోన్‌లో ఉంచి బంక వదిలించాను. గోళ్లరంగు తుడిచే ద్రవం పనికిరాదట, అందులో ఇంకేవో కలుస్తాయి. బంక పోయింది గానీ కింద తినేసిన గుంటలు అలాగే ఉన్నాయి. ఆ గోధుమరంగు పొర నేను తెచ్చివ్వలేను. గాలికి వదిలితే అదే మళ్లీ పడుతుందని, చాలా ఏళ్లు పడుతుందని ఆయనన్నాడు.

పది కాణీలను మైలార్ పొరల్లో, సిలికా జెల్ పొట్లంతో, అదే బోర్న్‌విటా డబ్బాలో పెట్టాను. సేకర్తలు చీటీమీద సంవత్సరం, లోహం, బరువు, మార్కు రాస్తారు. నేను అవి రాసి, కింద అమ్మమ్మ పేరు, అమ్మ పేరు, మొలతాడు, కొంగుముడి, డబ్బా అని రాశాను. ఆ తర్వాత, 'చింతపండుతో తోమి, పీవీసీలో ఉంచి పాడుచేసినది కూతురు' అని కూడా రాశాను. చరిత్రలో అదీ ఉండాలి.

పదకొండోదాన్ని దారానికి గుచ్చి నా కూతురికిచ్చాను. పారేస్తుందేమో. అరగదీస్తుందేమో. ఇచ్చేముందు "నీకు కావాలా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి కావాలంది.