కాఫీ ధర – మన ధర్మం



కాఫీ పొడి డబ్బా అడుగంటిందంటే ఇల్లాలికి ఈ మధ్య దిగులు పట్టుకుంటోంది. పోయినసారి కొన్న ధరకు ఈసారి రావడం లేదు. కారణం మన ఊళ్ళో లేదు. 2024లో బ్రెజిల్‌లో కరవు వచ్చింది, వియత్నాంలోనూ వానలు తప్పాయి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్కు మార్కెట్టులో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. అంతకు ముందు ఎన్నడూ అంత పలకలేదు.

ఇటువంటప్పుడు మంచి కాఫీ తక్కువలో ఎక్కడ దొరుకుతుందని వెదకడం తప్పు కాదు. సంసారం నడిపేవారు అడగవలసిన ప్రశ్నే అది. అయితే దాని పక్కనే మరో ప్రశ్న ఉంది. మనకు తగ్గిన ఆ రూపాయి ఎవరి చేతిలో నుండి తగ్గింది?

ఒకసారి బొర్రా వైపు చూడండి. అనంతగిరి కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల పాదులు కనిపిస్తాయి. నాటిన మూడు నాలుగేళ్ళకు గాని మొక్క కాపుకు రాదు. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, పండు కలిసే ఉంటాయి గనుక పండినవాటినే ఏరి కోయాలి. సుమారు 6 కిలోల పండ్లకు గుజ్జు తీసి, కడిగి, ఎండబెట్టి, పొట్టు తీస్తే 1 కిలో గింజలు వస్తాయి. వేయిస్తే తూకం ఇంకా తగ్గుతుంది. దీనికి తోడు 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు బయటపడింది. పురుగు పట్టిన తోటల్లో కాయలు కోసి నాశనం చేయవలసి వచ్చింది.

ఆ నేల గిరిజనుల చేతిలో నిలవడం కూడా తేలికగా జరగలేదు. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ నడిపిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు ఇచ్చిన లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే నేల నిలిచినా పంటకు ధర లేకపోతే కడుపు నిండదు గదా!

1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందపు కోటాలు రద్దయినప్పుడు ధరలు కుప్పకూలాయి. 2001లో అరబికా పౌను 50 సెంట్ల కంటే దిగువకు పడిపోయింది. పండించినవారికి ఏం మిగిలిందన్న మాట ఆనాడు ఎన్ని ఇళ్ళలో వచ్చింది? ధర పెరిగినప్పుడు మాత్రమే అన్యాయం అనిపిస్తే, అది న్యాయం మీద ప్రేమ కాదు, జేబు మీద ప్రేమ.

“ఇష్టపడే అమ్మారు గదా, ఇక తప్పేముంది?” అని మీరు అడగవచ్చు. 13వ లియో పోపుగారు 1891లో కూలి గురించి వ్రాసిన విశ్వలేఖలో దీనికి జవాబు ఉంది. గత్యంతరం లేక, ఇంతకంటే కీడు వస్తుందన్న భయంతో ఒప్పుకున్నది నిజమైన ఒప్పుకోలు కాదు, అది బలవంతానికి లోబడడమే అన్నారు. కూలికి చెప్పిన ఈ మాట అప్పుల్లో ఉన్న రైతు పంటకూ వర్తిస్తుంది.

“మేము ఎక్కువ ఇస్తే అది రైతుకు చేరుతుందా?” ఇదీ న్యాయమైన సందేహమే. ఖరీదైన ప్రతి పాకెట్టు వెనుకా రైతుకు మేలు జరిగిందని చెప్పలేం. దళారుల పట్టు తగ్గించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అది ధర ప్రకటించి కాఫీ కొంటుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కనుక కొనే ముందు, ఇది ఏ కొండది, ఎవరు కొని తెచ్చారు అని అడగండి. అడిగేవారు ఉంటేనే చెప్పేవారు ఉంటారు.

మరి తక్కువ ఆదాయం గల కుటుంబం ఏం చేయాలి? చికోరీ కలిపిన పొడి కొనుక్కోవడం తప్పు కాదు. అందులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత కలిపారో పాకెట్టు మీద వ్రాయాలి, ఇది నిబంధన. చెప్పకుండా కలపడమే మోసం. అనుమానం వస్తే చల్లని నీళ్ళలో చిటికెడు పొడి వేయండి. కాఫీ పైన తేలుతుంది, చికోరీ రంగు చారలు వదులుతూ అడుగుకు దిగుతుంది. వారానికి సరిపడా మాత్రమే కొని, గాలి తగలని డబ్బాలో ఉంచండి. రోజుకు మూడుసార్లు తాగే ఇంట్లో రెండుసార్లు చాలు. అదీ కుదరని నెలలో మానుకున్నా నామోషీ లేదు.

కానీ ఒక్క మాట. బొర్రా గుహలు చూడడానికి కుటుంబంతో వెళ్ళినప్పుడు, పట్నం దుకాణంలో నోరెత్తకుండా డబ్బిచ్చే మనం, దారి పక్కన కాఫీ, మిరియాలు పెట్టుకు కూర్చున్న అమ్మ దగ్గర పది రూపాయలకు బేరం ఆడవద్దు. పొదుపు మంచి గుణమే. ఆ పొదుపును మన గ్లాసులో చేసుకుందాం, ఆమె కష్టంలో కాదు. ఈ మాట ఈ వారం మీ పిల్లలతో కూడా మాట్లాడండి.